డెబ్బై నాలుగు రోజుల పని

దమ్మపేట చుట్టుపక్కల జయప్రకాశ్‌కి ఉన్న పేరు కంటే అతని మీసానికి ఉన్న పేరే ఎక్కువ. "మీసాల ప్రకాశ్ గారి తోట" అంటే చాలు, ఆటోవాళ్లు ఇంకో ప్రశ్న వేయకుండా తీసుకొచ్చి గేటు ముందు దింపుతారు. నలభై ఎకరాల పామాయిల్ తోట, దాని పక్కనే మొక్కల నర్సరీ, ముప్పై ఏడేళ్ల వయసు, చొక్కా చేతుల్లో పట్టనని మొరాయించే కండలు. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. అన్నీ ఉన్నాయి గానీ పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు లేరు.

లోపం ఎవరిదో ఆ ఇంట్లో పెళ్లయిన రెండో ఏడే తేలిపోయింది. తేల్చింది డాక్టర్లు కాదు, జయప్రకాశ్ తల్లి ప్రమీలారాణి గారు. "మా వాడి మీసం చూడండి, ఆ భుజాలు చూడండి. లోపం వాడిలో ఉంటుందంటే ఎవరన్నా నమ్ముతారా?" అని వచ్చినవాళ్లందరినీ అడిగేవారు. వచ్చినవాళ్లు కాఫీ తాగుతూ "నమ్మం" అనేవారు. కాఫీ ఇచ్చిన కోడలు ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లేది.

ఆ ప్రశ్నకి అసలు జవాబు తెలిసిన మనిషి ఆ ఊరు మొత్తంలో ఆ కోడలే. సుజన సత్తుపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్. మీసానికీ పిల్లలు పుట్టడానికీ మధ్య ఏముందో, ఏం లేదో ఏటా రెండో సంవత్సరం పిల్లలకి బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతుంది. నూట ఇరవై మంది ఆవిడ చెప్పింది తలవంచుకుని నోట్సు రాసుకుంటారు. అదే మాట సాయంత్రం ఇంటికొచ్చి చెబితే, "నీ కాలేజీ కబుర్లు ఇక్కడొద్దమ్మా" అనేవారు అత్తగారు.

ఆరేళ్లలో సుజనకి చేయని పరీక్ష లేదు. ఖమ్మంలో స్కానింగు, విజయవాడలో ఇంకో స్కానింగు, ట్యూబుల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్-రే, పొట్టకి చిన్న గాటు పెట్టి లోపలికి కెమెరా పంపడం. ప్రతిచోటా అంతా బాగానే ఉందన్నారు. ప్రతి డాక్టరూ చీటీ చివర 'భర్తకు వీర్య పరీక్ష' అని రాశారు. ప్రమీలారాణి గారు చీటీ మొత్తం శ్రద్ధగా చదివించుకుని, ఆ చివరి లైను దగ్గరికి వచ్చేసరికి "అది అందరికీ రాస్తార్లే" అని మడిచి పెట్టేసేవారు.

పరీక్షల్లో తేలకపోతే మొక్కులు. ఆ ఇంట్లో దేనికైనా గడువు ఒక్కటే, మండలం. అంటే నలభై రోజులు. నలభై రోజులు ప్రదక్షిణలు, నలభై రోజులు ఉప్పు లేని కూడు, నలభై రోజులు పరగడుపున వేపరసం. అవన్నీ చేసింది సుజనే. నలభై ఒకటో రోజున ఆవిడ కడుపు వైపు అందరూ ఒకసారి చూసి, ఇంకో మండలం మొదలుపెట్టించేవారు.

జయప్రకాశ్ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చున్నాడా అంటే, పాపం లేదు. అతని ప్రయత్నం అతనూ చేశాడు. తల్లికి అన్న వరసయ్యే వెంకటనారాయణ దమ్మపేట సెంటర్లో పైన జిమ్ము, కింద క్లినిక్కు పెట్టుకుని ఉన్నాడు. డిగ్రీ లేదు. ఎప్పుడో పదేళ్లు కాంపౌండరుగా చేశాడు. ఆ పదేళ్లలో నేర్చుకున్నదేంటంటే మగాళ్లకి ఏ జబ్బు ఉందో చెబితే కోపం వస్తుంది, ఏ బలం తక్కువైందో చెబితే సంతోషం వస్తుంది అని. అందుకని అందరికీ బలం సూదులే వేసేవాడు. వారానికో సూది, మండలానికో కోర్సు. నాలుగేళ్లుగా జయప్రకాశ్ ఆ సూదులు మానకుండా వేయించుకుంటున్నాడు. కండలు వచ్చాయి, గొంతు గంభీరమైంది, మీసం మెలి తిరిగింది. ప్రమీలారాణి గారు అమావాస్యకో దిష్టి తీసేవారు.

ఆ సూదిలో ఏముందని సుజన చాలాసార్లు అడిగింది. "బలానికి" అన్నాడు జయప్రకాశ్ ప్రతిసారీ. బలానికి పేరేంటని అడిగితే "బలం సూదే" అనేవాడు.

ఆ ఏడాది జూన్‌లో కాలేజీలు తెరిచిన వారానికి సుజన ఒక సాయంత్రం వచ్చి, భోజనాల బల్ల మీద లావుపాటి ఫైలు పెట్టింది. ఆరేళ్ల రిపోర్టులు. జయప్రకాశ్ అప్పుడే గుడ్లు ఒలుచుకుని తింటున్నాడు.

"ఇందులో నా పేరు ఎన్నిసార్లుందో చూడండి. తర్వాత మీ పేరు వెతకండి" అంది.

"ఇప్పుడు దేనికే అదంతా?"

"నేనింక ఏ ఆస్పత్రికీ రాను. ఏ మండలమూ పట్టను. మీ పేరుతో ఒక్క కాగితం ఈ ఫైల్లో చేరాక అప్పుడు మాట్లాడుకుందాం."

కోపంగా అని ఉంటే అతను కూడా కోపంగా ఏదో ఒకటి అనేసి బయటపడేవాడు. కానీ ఆవిడ క్లాసులో హోంవర్కు చెప్పినంత మామూలుగా చెప్పి లోపలికి వెళ్లిపోయింది. జయప్రకాశ్‌కి ఆ మామూలుతనం చూసి భయమేసింది. రెండో గుడ్డు పళ్లెంలోనే వదిలేసి లేచాడు.

నాలుగో రోజున ఖమ్మం బయల్దేరాడు. కారు తీస్తే నంబరు చూసి ఎవరైనా గుర్తుపడతారని ఆర్టీసీ బస్సెక్కాడు. మొహం గుర్తుపట్టకుండా మాస్కు పెట్టుకున్నాడు. మాస్కుకి రెండు వైపులా మీసం కొసలు బయటికొచ్చి ఉన్నాయి. బస్సులో ముగ్గురు, "ఏంది ప్రకాశ్ గారూ, జలుబా?" అని పలకరించారు.

ల్యాబులో టెక్నీషియన్ పేరు ఎబినేజర్. యాభై దాటిన మనిషి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ఏళ్ల తరబడి సిగ్గుపడే మగాళ్లని చూసి చూసి ఎవరి మొహంలోకీ చూడకుండా మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు.

"పేరు చెప్పుండ్రి సార్."

"పేరు రాయాల్నా?"

"రాయాలె గద. పేరు లేని రిపోర్టు ఎవరి చేతికియ్యాలె?"

జయప్రకాశ్ పేరు చెప్పాడు. ఎబినేజర్ ఇచ్చిన చిన్న డబ్బా పట్టుకుని, ఎర్రగా బొద్దుగా ఉన్న పిల్లల పటాలు అంటించిన గదిలోకి వెళ్లాడు. ఆ పటాల్లోని పిల్లలందరూ అతని వైపే చూస్తుండటంతో ఆ పని అవడానికి చాలా సేపు పట్టింది. తర్వాత బయట బెంచీ మీద గంటన్నర కూర్చున్నాడు.

"సున్నా వచ్చింది సార్" అన్నాడు ఎబినేజర్ నెమ్మదిగా.

"సున్నా అంటే బాగా తక్కువనా?"

"సున్నా అంటే సున్ననే సార్. ఒక్కటి గూడ లేదు. మిషన్ల తిప్పి అడుగుకు దిగింది గూడ చూసిన, రెండుసార్లు చూసిన."

"మీ మిషన్ ఏమన్నా చెడిపోయిందేమో."

"మిషన్ మంచిగనే ఉంది సార్. పొద్దుగాల ఒకాయనకు ఆరు కోట్లు వచ్చినయ్." ఎబినేజర్ మొదటిసారి తలెత్తి అతని భుజాలు చూశాడు. "ఏమన్న సూదులు ఏపించుకుంటున్నరా సార్, కండలకు?"

"బలానికి."

"ఎన్నేండ్ల సంది?"

"నాలుగేళ్లు."

ఎబినేజర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ముందుగాల అవి బందు పెట్టుండ్రి. డాక్టరమ్మకు చూపియ్యుండ్రి. ఇందుల సమజ్ కాంది ఏమన్న ఉంటే జువాలజీ చెప్పే ఎవరినన్న అడుగుండ్రి, ఇంటర్ పాఠమే ఇది" అన్నాడు. డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. సూదులు ఆపి, మందులు వాడి, మూడు నెలలు దాటాక పరీక్ష చేయించమంది. అర్థం కానిదేదో మిగిలిపోయినా, ఒక ఆడమనిషిని ఆ విషయం రెండోసారి అడగడానికి జయప్రకాశ్‌కి నోరు రాలేదు.

మర్నాడు ఆదివారం. సుజన నర్సరీలో మొక్కలు చూస్తుంటే జయప్రకాశ్ స్కూటర్ ఆపి వెనకే వచ్చాడు.

"సుజనా, మా ఫ్రెండ్ ఒకడున్నాడు" అని మొదలుపెట్టాడు.

ఈ దేశంలో ఏ మగాడికీ ఈ జబ్బు రాదు. ఎప్పుడు వచ్చినా ఫ్రెండుకే వస్తుంది. సుజన సంగతి అక్కడే గ్రహించింది. గ్రహించనట్టే మొక్కల మధ్య చిన్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీ ఫ్రెండ్ కౌంట్ ఎంతంట?"

"సున్నా అంట. కానీ మనిషి చూడ్డానికి బాగుంటాడు, మంచి కండ. సూదులు కూడా తీసుకుంటాడు."

సుజన చెప్పడం మొదలుపెట్టింది. "వృషణాల్లో దారమంత సన్నటి గొట్టాలుంటాయి. చుట్టలు విప్పి పరిస్తే వందల మీటర్లు వస్తాయి. ఆ గొట్టాల గోడకి ఆనుకుని మూలకణాలుంటాయి. ఒక మూలకణం రెండవుతుంది. అందులో ఒకటి గోడ దగ్గరే ఉండిపోతుంది, ఎప్పటిలా మూలకణంగానే. రెండోది బయల్దేరుతుంది. రెండూ బయల్దేరితే రేపటికి మూలం ఉండదు. రెండూ ఉండిపోతే ఈ రోజుకి పని జరగదు. అర్థమైందా మీ ఫ్రెండ్‌కి?"

"అర్థమవుద్దిలే, చెప్పు."

"బయల్దేరింది మళ్లీ మళ్లీ రెండవుతూ గుంపవుతుంది. ఆ తర్వాతది ముఖ్యమైన పని. నలభై ఆరు క్రోమోజోములున్న కణం ఇరవై మూడుకి తగ్గుతుంది. సగమవుతుంది."

"సగమా?" జయప్రకాశ్‌కి ఆ మాట నచ్చలేదు. "మగాడు సగమవడం ఏంది?"

"మిగతా సగం ఆడదాని దగ్గర ఉంటుంది కాబట్టి. మొత్తం నేనే అనుకునే కణం ఎందుకూ పనికిరాదు." సుజన చిన్నగా నవ్వింది. "సగమయ్యాక కూడా అది గుండ్రంగా ఉంటుంది, తోక ఉండదు. తల సన్నబడాలి, తోక రావాలి, మోస్తున్న బరువులో అక్కర్లేనిదంతా వదిలేయాలి. గోడ దగ్గర బయల్దేరిన దగ్గర్నుంచి ఇదంతా డెబ్బై నాలుగు రోజుల పని. ఆ పైన ఈత రావడానికి ఇంకో రెండు వారాలు."

"మరి సూదులేస్తే జల్దీ అవ్వాలి కదా?"

"ఈ పని జరగాలంటే మెదడు రోజూ ఆర్డరు పంపాలి. సూదిలో ఉండేది మగ హార్మోను. బయట నుంచి అది రక్తంలోకి పోస్తే, సరుకు నిండుగా ఉందనుకుని మెదడు ఆర్డరు ఆపేస్తుంది. కండ పెరుగుతుంది, గొంతు పెరుగుతుంది, మీసం పెరుగుతుంది. లోపల పని మూతపడుతుంది. మీ ఫ్రెండ్ నాలుగేళ్లుగా మగాడిగా కనపడుతూ కనపడుతూ తండ్రి కాకుండా పోయాడు."

జయప్రకాశ్ చెయ్యి మీసం వైపు వెళ్లి మధ్యలో ఆగింది.

"మరి ఇంక అంతేనా?" అని అడిగాడు. గొంతులో గాంభీర్యం లేదు.

"మూలకణాలు మామూలుగా చావవు. ఆర్డరు కోసం గోడ పట్టుకుని కూర్చుంటాయి. సూది ఆపితే చాలామందికి మళ్లీ మొదలవుతుంది. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఓపిక పట్టమనండి."

జయప్రకాశ్ స్కూటర్ సీటు ఎత్తి, అడుగున దాచిన కాగితం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. సుజన పేరు చదివింది, అంకె చదివింది, మళ్లీ పేరు చదివింది. ఆరేళ్లలో లోపం తనది కాదని తేల్చిన మొదటి కాగితం అది. మొక్కల మధ్య కూర్చుని చాలాసేపు ఏడ్చింది. జయప్రకాశ్‌కి ఏం చేయాలో తోచక పక్కనున్న మొక్కలకి నీళ్లు పెట్టాడు, పొద్దున పెట్టిన వాటికే.

"నాకు పిల్లలు పుట్టినా పుట్టకపోయినా ఒక్కటే కావాలి" అంది సుజన మొహం తుడుచుకుని. "అత్తయ్యకి చెప్పండి. మీ వాళ్లకి చెప్పండి. నేను చెబితే నమ్మరు, మీరు చెప్పాలి."

"చెప్తా. తప్పకుండా చెప్తా. కాకపోతే సున్నా అని ఎట్లా చెప్పేది? కాస్త కౌంట్ రానీ, చెప్తా."

సుజన సరేనంది. అక్కడే పొరపాటు చేసింది.

సూదులు ఆగాయి. నలభయ్యో రోజున జయప్రకాశ్ తలంటు పోసుకుని, బొట్టు పెట్టుకుని, ఖమ్మం బస్సెక్కాడు. ఎబినేజర్ గోడ మీది క్యాలెండరు చూశాడు, మనిషిని చూశాడు.

"డాక్టరమ్మ మూడు నెలలు దాటినంక అన్నది గద సార్. గిట్ల జల్దీ వచ్చిండ్రేంది?"

"మండలం అయింది కదా."

"మా చర్చిల గూడ నలభై దినాలు ఉపాసముంటం సార్. దేవుడు వింటడు. గీ కణాలు ఇనవు, వాటి లెక్క వాటిదే."

అయినా పరీక్ష చేశాడు. సున్నా. అంటే ఆ నలభై రోజుల్లో బయల్దేరిన కణం ఏదైనా ఉంటే, దానికి ఇంకా తోక కూడా మొలిచి ఉండదు. ఈ సంగతి ఎబినేజర్ చెబుతూనే ఉన్నాడు గానీ జయప్రకాశ్‌కి సున్నా తప్ప ఏదీ వినపడలేదు. పైగా సూదులు ఆపాక ఒంట్లో నీరసం, చొక్కాలు వదులు. దమ్మపేటలో బస్సు దిగి తిన్నగా వెంకటనారాయణ దగ్గరికి వెళ్లాడు.

"ఆపితే గింతే అల్లుడూ. మండలం ఆగినా ఏమీ రాలేదంటే ఏందన్నట్టు? బలం చాలట్లేదన్నట్టు" అని వెంకటనారాయణ ఈసారి పెద్ద సూది వేశాడు. లోపల మొదలైందో లేదో తెలియని పని మళ్లీ మూతపడింది.

ఇలా ఇంకోసారి జరిగింది. నలభై రోజులు ఆపడం, సున్నా చూడటం, సూది వేయించుకోవడం. రెండోసారి అతని చొక్కా చేతులు మళ్లీ బిగుతవడం సుజన కంట పడింది. ఆవిడ అరవలేదు. నర్సరీలోకి తీసుకెళ్లి ఒక మొక్క ముందు నిలబెట్టింది.

"ఈ మొక్క ఎన్నాళ్లకి గెల వేస్తుంది?"

"నర్సరీలో ఏడాది, పొలంలో మూడేళ్లు, మూడున్నర. తెలిసిందేగా."

"నలభయ్యో రోజున మొక్కని పీకి, గెల ఎందుకు రాలేదా అని చూశారా ఎప్పుడైనా?"

జయప్రకాశ్ పెద్దగా నవ్వాడు. "అట్లా పీకి చూసేవాడు ఎవడన్నా ఉంటాడా? అట్లాంటోడు వ్యవసాయం ఏం చేస్తాడు?" అన్నాడు. అని, నవ్వు సగంలో ఆపేశాడు. చెట్టుకి నాలుగేళ్లు కూర్చోగలిగిన మనిషి, తన ఒంట్లో పనికి మూడు నెలలు కూర్చోలేకపోయాడు. చెట్టు ముందు ఎవరూ మగతనం చూపించుకోనక్కర్లేదు, బహుశా అందుకే కూర్చోగలిగాడు.

ఆ రోజు నుంచి నిజంగా ఆపాడు. ఆపడమంటే ఊరికే కాదు. కండలు దిగాయి. మొహం పీక్కుపోయింది. తోటలో గెలలు కోసే గంగక్క, "సారుకు షుగరొచ్చిందా ఏంది" అని వాపోయింది. సెంటర్లో టీ తాగేవాళ్లు "ప్రకాశ్ గారు అట్లా అయిపోయిండేంది" అని వినపడేటట్టే అనుకున్నారు. ప్రమీలారాణి గారు మాత్రం కారణం కనిపెట్టేశారు. "తిండి పెట్టే చేతులు సరిగ్గా లేకపోతే మగాడు ఇట్లాగే చిక్కిపోతాడు" అన్నారు కోడలి ముందే. జయప్రకాశ్ పక్కనే ఉన్నాడు. నిజం చెప్పకుండా తోటకి వెళ్లిపోయాడు.

నూట మూడో రోజున ఎబినేజర్ అతన్ని లోపలికి పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడు. "చూడుండ్రి సార్, ఎడం దిక్కు మూల."

మొదట ఏమీ కనపడలేదు. తర్వాత ఒకటి కదిలింది. వెంట్రుక తునకంత తోక ఊపుకుంటూ, ఎటు పోవాలో తెలియక, ఒకచోటే గింజుకుంటోంది. ఇంకొంచెం దూరంలో ఇంకొకటి. నలభై ఎకరాల ఆసామి ఆ రెంటినీ చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎబినేజర్ వేరేవైపు తిరిగి గాజు పలకలు కడుక్కున్నాడు.

"చెప్పేస్తారా ఇంక?" అంది సుజన ఆ సాయంత్రం.

"రెండే కదే. రెండని ఎట్లా చెప్తాం? నార్మల్ రానీ."

మళ్లీ జూన్ వచ్చేసరికి నార్మల్ వచ్చింది. "నీకు నిలవనీ, అప్పుడు మాటకి విలువుంటుంది" అన్నాడు. జూలైలో నిలిచింది. "మూడో నెల దాటనీ, అమ్మకి ఇప్పుడు కంగారెందుకు" అన్నాడు. మూడో నెల దాటింది. సుజన అడగడం మానేసింది. ఆవిడ అడగడం మానేయడం జయప్రకాశ్‌కి ఎంతో హాయిగా అనిపించింది.

ఏడో నెలలో సత్తుపల్లిలో ఫంక్షన్ హాలు మాట్లాడి సీమంతం చేశారు. మూడు వందల మంది వచ్చారు. సుజనని కుర్చీలో కూర్చోబెట్టి మోచేతుల దాకా గాజులు తొడిగారు. ప్రమీలారాణి గారు మైకు అందుకున్నారు.

"ఎనిమిదేళ్లకి మా ఇంట్లో దీపం వెలగబోతోంది. మా కోడలిలో ఏ లోపం ఉందో ఆ దేవుడికే తెలుసు, ఎన్ని ఆస్పత్రులు తిప్పామో, ఎన్ని మొక్కులు మొక్కామో. ఆఖరికి ఆయనే సరిచేశాడు. మా వాడి బలం తగ్గకుండా ఇన్నేళ్లు కాపాడుకొచ్చిన మా వెంకటనారాయణ అన్నయ్యని కూడా ఈ సందర్భంలో సత్కరించుకోవాలి" అన్నారు.

వెంకటనారాయణకి శాలువా కప్పారు. చప్పట్లు మోగాయి. కొత్తగా పెళ్లయిన ఇద్దరు కుర్రాళ్లు అప్పుడే అతని పక్కకి చేరి, క్లినిక్కు ఎప్పుడు తీస్తారని అడుగుతున్నారు.

జయప్రకాశ్ భార్య వైపు చూశాడు. ఆవిడ అతని వైపు చూస్తుందేమోనని భయపడుతూ చూశాడు. సుజన చూడలేదు. తలవంచుకుని ఒక గాజు అటూ ఇటూ తిప్పుకుంటోంది, ఖాళీ గ్లాసులు లోపలికి తీసుకెళ్లే రోజుల్లో ఎలా ఉండేదో అలాగే. తన నుంచి ఆవిడ ఇంక ఏదీ ఆశించడం లేదని అతనికి అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. జీవితంలో మొదటిసారి సరైన కారణానికి సిగ్గేసింది. వెళ్లి తల్లి చేతిలో మైకు తీసుకున్నాడు.

"లోపం సుజనది కాదు. నాది. నా కౌంట్ సున్నా వచ్చింది. మావయ్య వేసిన సూదుల వల్లే వచ్చింది. అవి ఆపాకే ఈ బిడ్డ" అన్నాడు.

ముందు వరసలో ఉన్న పెద్దావిడ రాఘవమ్మ, ప్రమీలారాణి గారికి పిన్ని వరస, కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఎంత బంగారమే నీ మొగుడు! పెళ్లాం పదిమందిలో మాట పడకూడదని తప్పంతా తన నెత్తినేసుకున్నాడు" అంది హాలంతా వినపడేలా.

ఒక్కసారిగా చప్పట్లు. వెంకటనారాయణకి కొట్టిన వాటికంటే గట్టిగా.

"అది కాదు అమ్మమ్మా, నిజంగా నాదే" అన్నాడు జయప్రకాశ్ మైకులో. గొట్టాల గురించి చెప్పాడు. గోడ దగ్గరుండే మూలకణాల గురించి, సగమవడం గురించి, తోక గురించి, డెబ్బై నాలుగు రోజుల గురించి చెప్పాడు. ఆడవాళ్లు మొహాలు అటు తిప్పుకుని నవ్వారు. మగాళ్లు ఇటు తిప్పుకుని నవ్వారు. ఎవరో సౌండు తగ్గించారు. జయప్రకాశ్ ఫోను తీసి, తను దాచుకున్న రిపోర్టు ఫొటో చూపించాడు. అది చేతులు మారింది. "రిపోర్టు కూడా రాయించుకొచ్చాడు చూడు, పాపం" అంది ఇంకొకావిడ, సుజన ఎంత అదృష్టవంతురాలో అన్నట్టు ఆవిడ వైపు చూస్తూ.

"నా కొడుకు మనసు వెన్న" అని ప్రమీలారాణి గారు ఏడ్చేశారు. వెంకటనారాయణకి కోపం రాలేదు. "పెద్ద మనసు అల్లుడూ నీది" అని తనకి కప్పిన శాలువా తీసి జయప్రకాశ్ భుజాల మీద వేశాడు.

ఆ శాలువాతోనే వచ్చి జయప్రకాశ్ భార్య కుర్చీ పక్కన కూలబడ్డాడు.

"ఒక్కళ్లు కూడా నమ్మట్లేదు సుజనా. నా ఒళ్లు గురించి నేనే చెప్తున్నా, కాగితం చూపిస్తున్నా, అయినా ఒక్కళ్లు కూడా" అన్నాడు.

"ఎనిమిదేళ్లు" అంది సుజన. అతని మొహం తెల్లబోయింది.

భోజనాలకి పిలుపులు మొదలయ్యాయి. జయప్రకాశ్ లేచి, శాలువా మడిచి కుర్చీ మీద పెట్టాడు. వెంకటనారాయణని సూదుల గురించి అడుగుతున్న కుర్రాళ్లిద్దరి దగ్గరికి వెళ్లి, వాళ్లిద్దరి మధ్యలో నిలబడ్డాడు.

"బాబూ, ఒక్క పది నిమిషాలు. గోడ దగ్గర మొదలవుద్ది ఇది" అన్నాడు.

ఒకడు నవ్వాపుకోలేక అన్నం క్యూలోకి వెళ్లిపోయాడు. రెండోవాడు వెళ్లలేదు, కాకపోతే వాడూ నవ్వుతున్నాడు. జయప్రకాశ్ మొదటి నుంచి చెప్పుకొచ్చాడు.